ఇంటి భాష మానమనే సలహా ఇక ఆపాలి

రెండేళ్లు దాటిన బిడ్డకు మాటలు సరిగా రావడం లేదనగానే తల్లిదండ్రులకు ఎదురయ్యే సలహా ఒకటుంది: ‘రెండు భాషలతో బిడ్డ తికమక పడుతున్నాడు, ఇంట్లో కూడా బడి భాషే మాట్లాడండి’. బంధువులు చెబుతారు, టీచర్లు చెబుతారు, కొందరు వైద్యులూ చెబుతారు. ఈ సలహాకు ఆధారం లేదు. దానివల్ల కలిగే నష్టం మాత్రం పెద్దది.

రెండు భాషలు వినడం మాటల ఆలస్యానికి కారణం కాదు. భాషాపరమైన ఇబ్బంది నిజంగా ఉంటే అది రెండు భాషల్లోనూ కనిపిస్తుంది. ఒకటి మానేసినంత మాత్రాన పోదు. చాలాసార్లు లెక్కలోనే పొరపాటు జరుగుతుంది. రెండేళ్లకు సుమారు 50 మాటలు రావాలని, రెండేసి మాటలు కలిపి పలకాలని వాడుకలో ఒక కొలత ఉంది. ఒక భాషలో 30, మరో భాషలో 25 మాటలు వచ్చిన బిడ్డను ఒక్క భాషలోనే పరీక్షిస్తే వెనకబడినట్టే తేలుతుంది. రెండూ కలిపి లెక్కించాలి. అప్పటికీ తక్కువే ఉంటే ముందు వినికిడి పరీక్ష చేయించాలి, ఆపై స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. ‘నెమ్మదిగా అదే వస్తుందిలే’ అని ఊరుకోవడమూ ప్రమాదమే.

ఈ అపోహ పాతది. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పలువురు పరిశోధకులు పేద, వలస కుటుంబాల పిల్లలను వారికి సరిగా రాని భాషలో పరీక్షించి, కలిగిన ఇళ్ల పిల్లలతో పోల్చి, రెండు భాషలవారికి తెలివి తక్కువని తేల్చారు. 1962లో ఎలిజబెత్ పీల్, వాలెస్ లాంబర్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు కెనడాలోని మాంట్రియల్‌లో పదేళ్ల పిల్లలను తీసుకుని, కుటుంబ స్థితిగతులు సమానంగా ఉండేలా చూసి పోల్చారు. రెండు భాషలు బాగా వచ్చినవారే మెరుగ్గా నిలిచారు. అలాగని రెండో భాష ఏకాగ్రతను పెంచే మందు అన్న ప్రచారాన్నీ మేము సమర్థించం. ఆ ప్రయోజనం కొన్ని అధ్యయనాల్లో కనిపించింది, మరికొన్నింటిలో కనిపించలేదు. అవ్వాతాతలతో మనసు విప్పి మాట్లాడగలగడం, రెండు భాషల పుస్తకాలు చదవగలగడం చాలవా?

అయితే రెండు భాషలూ వాటంతట అవే రావు. విన్న సమయంలో ఐదో వంతు కూడా దక్కని భాషను పలకడానికి పసిపిల్లలు వెనకాడుతున్నట్టు 1990ల పరిశోధనల్లో తేలింది. బిడ్డ రోజుకు 12 గంటలు మెలకువగా ఉంటే వారానికి 84 గంటలు, అందులో ఐదో వంతు దాదాపు 17 గంటలు. ఆదివారం ఫోన్ పలకరింపుతో ఆ లోటు తీరదు. వీడియోలూ తీర్చవు. శిశువులు భాష నేర్చుకునే తీరును పరిశోధించిన పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు 25 నిమిషాల చొప్పున 12 సార్లు చైనీస్ మాండరిన్ వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి నుంచి విన్నవారు ఆ భాషా ధ్వనుల తేడాలు పట్టుకున్నారు. అదే తెరపై చూసినవారికి ఏమీ అబ్బలేదు.

తల్లిదండ్రుల్లో ఒక్కొక్కరు ఒక్కో భాష మాట్లాడే పద్ధతికి పేరు ఎక్కువ. అదొక్కటే మార్గమని భయపడాల్సిన పని లేదు. సమాజంలో తక్కువగా వినిపించే భాషను ఇద్దరూ ఇంట్లో మాట్లాడితే అది నిలిచే అవకాశం ఎక్కువని భాషా పరిశోధకురాలు అనిక్ డి హౌవర్ దాదాపు 1,900 కుటుంబాలపై జరిపిన సర్వే చెబుతోంది. చిక్కు సాధారణంగా బడిలో చేరాక మొదలవుతుంది: అమ్మ ఒక భాషలో అడుగుతుంది, బిడ్డ బడి భాషలో జవాబిస్తాడు. కోప్పడితే మాటే తగ్గిస్తాడు. ‘బంతి మంచం కిందకి పోయింది’ అని బడి భాషలో చెబితే, ‘అయ్యో, మంచం కిందకి పోయిందా? ఎర్ర బంతేనా?’ అని ఇంటి భాషలో అందుకుని, ఒక ప్రశ్న కలపాలి. ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపినా కంగారు అక్కర్లేదు. చేతికి అందిన మాట వాడుకుంటున్నాడు, అంతే.

బడుల తీరు మాకు ఎక్కువ ఆందోళన కలిగిస్తోంది. కొత్త భాషలో ఆటపాటల సంభాషణకు సుమారు రెండేళ్లు చాలు. పాఠ్యపుస్తకం అర్థమయ్యే స్థాయికి ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందని విద్యా పరిశోధకుడు జిమ్ కమిన్స్ దశాబ్దాల కిందటే చూపారు. గలగలా మాట్లాడుతున్నాడు కదా అని రెండో ఏటికే ఇంటి భాషను తరగతి నుంచి తీసేస్తే, నాలుగైదు తరగతుల్లో లెక్కలు, సైన్స్ దగ్గర పిల్లలు ఆగిపోతారు. మూడో వంతు, నాలుగో వంతుల్లో ఏది పెద్దదని అడిగితే పిల్లవాడు నాలుగో వంతు అన్నాడనుకుందాం. తెలియనిది భిన్నమా, ప్రశ్నలోని భాషా? అదే ప్రశ్న ఇంటి భాషలో వేస్తే నిమిషంలో తేలుతుంది. భిన్నం ఒక భాషలో అర్థమైతే రెండో భాషలో మళ్లీ నేర్పాల్సిన పని లేదు, పేర్లు నేర్పితే చాలు.

ప్రతి వాక్యాన్నీ వెంటనే తర్జుమా చేసే బోధన కూడా పనికిరాదు. అర్థం ఎలాగూ తన భాషలో వస్తుందని తెలిశాక పిల్లలు రెండో భాష వినడం మానేస్తారు. పాఠాన్ని విడగొట్టాలి: కొత్త విషయంపై చర్చ బాగా వచ్చిన భాషలో, ఆ తర్వాత పది పన్నెండు కీలక పదాలు రెండు భాషల్లోనూ గోడపై, చివరన చిన్న చిన్న వాక్యాలతో రాత రెండో భాషలో. పరీక్షలో ఏ భాషలో రాసినా మార్కులు ఇవ్వాలి. పుస్తకాలు రెండు భాషల్లో అచ్చువేసి ప్రశ్నపత్రం ఒక్క భాషలోనే ఇస్తే, ఆ రెండో సగం పేజీలను ఎవరూ తెరవరు.

ప్రభుత్వాలు, పాఠశాలలు చేయాల్సిన మొదటి పనికి ఖర్చు పెద్దగా లేదు. ప్రవేశ దరఖాస్తులో ఇంట్లో ఎవరు ఏ భాష మాట్లాడతారో, బిడ్డ ఏది ఎన్నేళ్లుగా వింటున్నాడో నమోదు చేయాలి. తరగతి టీచర్‌కు ఆ కాగితం తొలి రోజే అందాలి. వెనకబడ్డాడని ముద్ర వేసేముందు ఆ బిడ్డను అతని రెండు భాషల్లోనూ పరీక్షించడం తప్పనిసరి చేయాలి. ఇంటి భాష మానమని తల్లిదండ్రులకు చెప్పవద్దని టీచర్లకు, శిశువైద్యులకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వాలి.