తేలిన గుడ్డు, తేలని తగవు

చెన్నై వేళచ్చేరిలోని మా ఇంట్లో ఒక న్యాయస్థానం నడుస్తోంది. నెల్లూరు నుంచి వచ్చి మాతో ఉంటున్న మా అత్తగారు న్యాయమూర్తి, నీళ్లు నింపిన స్టీలు గిన్నె బోను. వీధి చివరి అంగడివాడు "ఇన్నిక్కి వందదు సార్" (ఇవాళే వచ్చాయి సార్) అని ప్రమాణం చేసి అంటగట్టిన నామక్కల్ గుడ్లు ఒక్కొక్కటిగా ఆ బోనెక్కుతాయి. అడుగున అడ్డంగా పడుకున్నది నిర్దోషి, మొద్దు కొస పైకెత్తి నిలబడినది అనుమానితురాలు, తేలినది దోషి. అప్పీలు లేదు, చెత్తబుట్ట ఉంది.

తీర్పు మీద నాకు గౌరవమే గాని, దానికి చెప్పే కారణం మీద లేదు. ఈ న్యాయస్థానానికి తనంతట తానే సలహాదారుగా కుదురుకున్న పై అంతస్తు రిటైర్డ్ ఇంజనీరుగారు, గుడ్డు కుళ్లి లోపల వాయువు పుట్టడం వల్లనే తేలికై పైకి లేస్తుందని సెలవిచ్చారు. తలుపులన్నీ బిగించిన ఇంట్లో అన్నం పాచిపోయినంత మాత్రాన ఇంటి బరువు తగ్గుతుందా అని నేను వినయంగా అడిగాను. బరువు తగ్గాలంటే సరుకు గడప దాటాలి. గుడ్డు గడప దాటేవి తేమ, కొంత బొగ్గుపులుసు వాయువు. పెంకు నిండా కంటికి ఆనని రంధ్రాలు వేల సంఖ్యలో ఉన్నాయి కనుక దారికి కొదవ లేదు. కోడి ఒంటి వేడి 41 డిగ్రీలకు అటూ ఇటూగా ఉంటుంది; ఆ వేడిలోంచి బయటపడిన గుడ్డు చల్లారేసరికి లోపలి సొన కుంచించుకుని, మొద్దు కొసన రెండు పొరల నడుమ ఒక చిన్న గాలి గది ఏర్పడుతుంది. రోజులు గడిచేకొద్దీ తేమ పోయిన చోటల్లా గాలి చేరి ఆ గది పెరుగుతుంది. పెంకు కొలత మాత్రం మారదు. తాజా గుడ్డు అంతే పరిమాణం గల నీటికంటే సుమారు 1.08 రెట్లు బరువు. కాబట్టి 55 గ్రాముల గుడ్డు 4 గ్రాములకు కాస్త పైగా పోగొట్టుకున్ననాడు తేలుతుంది. తేలడం వయసుకు సాక్ష్యమే గాని కుళ్లుకు కాదు. కుళ్లిన గుడ్డును కప్పులోకి పగలగొడితే హైడ్రోజన్ సల్ఫైడ్ అనే కంపు వాయువే ముందుకొచ్చి తన పేరు చెప్పుకుంటుంది. ఇక మునిగినదాంట్లో కడుపు చెడగొట్టే సాల్మొనెల్లా క్రిమి లేదని ఏ గిన్నె నీరూ పూచీ పడదు.

కోడిగుడ్డుకు ఈకలు పీకుతున్నానన్నారు ఇంజనీరుగారు. ఆ నింద మోస్తూనే న్యాయపరిధి సంగతి ఎత్తాను. లీటరుకు 30 గ్రాముల పైచిలుకు ఉప్పున్న మెరీనా సముద్రపు నీరు మంచినీటికంటే రెండు శాతం పైగా బరువు. తాజా గుడ్డు అందులోనూ మునుగుతుంది గాని, మా గిన్నెలో బొటాబొటిగా అడుగంటిన నడివయసు గుడ్డు అక్కడ తేలిపోతుంది. లీటరు నీటిలో 150 గ్రాముల ఉప్పు కలిపితే ఈ ఉదయం పెట్టిన గుడ్డూ దోషే. మా బోరు నీరు ఉప్పనని మేమెంత ఏడ్చినా, ఆ ఉప్పు గుడ్డును తేల్చడానికి చాలదు.

ఇంతకూ ఈ విచారణంతా ఊరగాయ కోసం. నిర్దోషులుగా తేలిన గుడ్లనే ఉడికించమని ఆజ్ఞ అయింది. ఒలవబోతే పెంకుతోపాటు తెల్లసొన పెచ్చులు పెచ్చులుగా ఊడివచ్చి, ప్రతి గుడ్డూ వానాకాలపు రోడ్డులా గుంటలు పడింది. బొగ్గుపులుసు వాయువు ఇంకా పోని తాజా గుడ్డులో తెల్లసొన పొరను అంటిపెట్టుకునే ఉంటుంది. వారం పది రోజుల గుడ్డు హాయిగా ఒలిపించుకుంటుంది. అనుమానితురాళ్లే ఊరగాయకు పనికొచ్చారు.

అత్తగారు జాడీ దించి, ఆవపిండి, కారం, నూనె కలిపి అటక మీద పెడదామన్నారు. మామిడికాయకు పులుపు పుట్టుకతో వచ్చింది. గుడ్డుకు అరువు తేవాలి. పులుపు చాలని చోట పైన నూనె పోసి గాలి అందకుండా చేయడమంటే బొటులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు తెచ్చే క్రిమికి పీట వేసి కూర్చోబెట్టడమే. 1997లో అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో ఒకాయన ఉడికించిన గుడ్లను పుల్లతో గుచ్చి, వెనిగర్‌లో వేసి, సీసాను ఫ్రిజ్‌లో పెట్టక బయటే ఉంచి, ఆ గుడ్లు తిని ఆ జబ్బుతో ఆసుపత్రి పాలయ్యాడు. కనుక మసాలా లోపలికి పట్టాలని గుచ్చడం కూడదు. ఐదు శాతం ఆమ్లం గల వెనిగర్ రెండు కప్పులు, నీరు అర కప్పు, ఉప్పు, వెల్లుల్లి, ఎండుమిర్చి, ఆవాలు, చిటికెడు పసుపు కలిపి మరిగించి, వేడినీటితో కడిగిన గాజు సీసాలోని గుడ్ల మీద అవి మునిగేదాకా పోసి, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టాలి. పులుపు పచ్చసొన దాకా చేరడానికి వారం, రెండు వారాలు పడుతుంది. అంతవరకూ మూత తీసి చూడడానికి ఇంజనీరుగారికి అనుమతి లేదు.

మిగిలిన ఒక్క దోషిని వాదన కోసం విడిగా ఉడికించి ఒలిచాను. వాసన లేదు, మొద్దు కొసన మాత్రం గాలి గది ఉన్న మేర బొటనవేలు నొక్కినట్టు పెద్ద సొట్ట ఉంది. పెంకూ, గాలీ వదిలిన ఆ గుడ్డును అదే గిన్నెలో వేశాను. మునిగింది. అత్తగారు కళ్లజోడు సవరించుకుని చాలాసేపు గిన్నెలోకి చూశారు.

"అయితే అల్లుడుగారూ, ఇప్పుడిది తాజాదైపోయిందంటారా?"