మామిడిపళ్ల దుకాణం దగ్గర

కారవాన్‌లో, అంటే ఇల్లులాంటి బండిలో, ఊళ్లు తిరిగే దంపతుల్లో ఒకరికే డ్రైవింగ్ వస్తే రెండోవారూ లైసెన్సు తీసుకోవాలని ఈమధ్య ఒక వ్యాసంలో చదివాను. మంచిమాటే, కానీ యాభై ఎనిమిదేళ్ల వయసులో మావారి దగ్గర నేర్చుకోవడమంటే రోజుకో పోట్లాట. మాది కారవాన్ కాదు, మామూలు కారు. నిరుడు వేసవిలో నెల్లూరు నుంచి ఒంగోలు వెళుతుంటే ఉలవపాడు దగ్గర ఆయనకు కళ్లు తిరిగాయి. ఎలాగో పక్కకు ఆపి స్టీరింగు మీద వాలిపోయారు. ఇంజను ఆడుతూనే ఉంది, పక్కనుంచి లారీలు హోరున పోతున్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగాను గానీ, నాలుగు లైట్లూ వెలిగించే ఎర్ర త్రికోణం మీట కళ్లెదుటే ఉన్నా కనపడలేదు. 108కి ఫోను చేస్తే ఎక్కడున్నారని అడిగారు. ‘మామిడిపళ్ల దుకాణం దగ్గర’ అన్నాను! మామిడిపళ్లకు పేరుపడ్డ ఉలవపాడులో ఆ గుర్తు చెబితే ఏ దుకాణమని ఎవరికి తెలుస్తుంది? చివరికి దుకాణం అబ్బాయే ఫోను అందుకుని కిలోమీటరు రాయి మీది అంకె చదివాడు. ఆయనకు చక్కెర పడిపోయిందట, త్వరగానే తేరుకున్నారు.

ఇప్పుడు కారులో గ్లూకోజు పొట్లం, ఆయన మందుల పేర్లు, జాతీయ రహదారి సహాయ నంబరు 1033 రాసిన అట్టముక్క ఉంటాయి. బండిని నెమ్మదిగా రోడ్డు పక్కకు తీయడం వరకు ఖాళీ మైదానంలో నేర్చుకున్నాను. రివర్స్ మాత్రం నా వల్ల కాలేదు. గేర్లు మార్చక్కర్లేని ఆటోమేటిక్ బండి కొందామంటే ఆయన వినరు.