నర్సు అనుభవానికి సాక్ష్యం ఏది?

నర్సింగ్ కోర్సు పూర్తి కాగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది: జర్మనీయా, గల్ఫా, గవర్నమెంటా? ఆ ప్రశ్న రెండేళ్లు ముందుగా వచ్చేస్తోంది. ఎటు వెళ్లాలన్నా చాలాసార్లు, కోర్సు అయ్యాక తొలి రెండేళ్లలో ఏ ఆసుపత్రిలో, ఏ వార్డులో పనిచేశారో, దానికి రుజువేమిటో చూపించుకోవాల్సి ఉంటుంది.

నర్సింగ్ డిప్లొమా అయిన జీఎన్‌ఎం చదివినవాళ్లకు ఈ లెక్క మరీ కటువు. నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు ఎయిమ్స్ నిర్వహించే నార్సెట్ పరీక్షకు బీఎస్సీ నర్సింగ్ వాళ్లను అనుభవం అడగరు. జీఎన్‌ఎం వాళ్లు మాత్రం కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్లు చేసి ఉండాలి. ఇంటికి దగ్గరని 20 పడకల నర్సింగ్ హోమ్‌లో ఐదేళ్లు చేసినా అక్కడ అది సున్నా కిందే లెక్క. జనరల్ అభ్యర్థులకు వయోపరిమితి 30 ఏళ్లు కాబట్టి తప్పు తెలిసేసరికి దిద్దుకునే వ్యవధి ఉండదు. పోగొట్టుకునేది చిన్న ఉద్యోగం కాదు, మూల వేతనమే 44,900 రూపాయలతో మొదలవుతుంది.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్ల అనుభవ పత్రాలను డేటాఫ్లో సంస్థ సరిచూస్తుంది. అభ్యర్థి ఇచ్చిన కాగితాన్ని నమ్మి ఊరుకోదు, నేరుగా ఆసుపత్రినే అడుగుతుంది. జీతం చేతికిచ్చి, పీఎఫ్ కట్టని యాజమాన్యం ఏమని జవాబిస్తుంది? ఈలోగా ఆసుపత్రి మూతపడినా, హెచ్‌ఆర్ మారినా, లేఖలో తేదీ ఒక నెల అటూ ఇటూ అయినా ఫైలు ఆగిపోతుంది. అందుకే చేరిన రోజే అపాయింట్‌మెంట్ ఆర్డరు అడగాలి. జీతం బ్యాంకులో పడాలి. మానేసేటప్పుడు రిలీవింగ్ లెటరుతో పాటు హోదా, విభాగం, పడకల సంఖ్య, చేరిన, మానిన తేదీలు ఉన్న అనుభవ పత్రం తీసుకోవాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ అప్పగించకూడదు. ఇన్నేళ్లు మానేయనని బాండ్ అడిగేచోట మొదట వాటి మీదే కన్నేస్తారు.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరుకు పొడి అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు, పెళ్లయ్యాక ఆధార్‌లో అత్తవారి ఇంటిపేరు. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఇంకో తీరుగా ఉంటే చెప్పనక్కర్లేదు. పాస్‌పోర్టుకు దరఖాస్తు చేయకముందే వీటన్నిటినీ ఒకే తీరుకు తెచ్చుకుంటే నెలల తిరుగుడు తప్పుతుంది.

ఇక వార్డు. ఆరు నెలలు జనరల్ వార్డులో చేయి తిరిగాక, కనీసం ఏడాదిన్నర ఒకేచోట ఉండాలి: ఐసీయూ, ఆపరేషన్ థియేటర్, డయాలసిస్, లేబర్ రూమ్, ఏదైనా సరే. రోజుకో వార్డుకు పంపితే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఇంగ్లీషు బాగుందని ఇన్సూరెన్స్ డెస్కులో కూర్చోబెడతామంటే ఒప్పుకోకపోవడమే మేలు. నైట్ డ్యూటీలు తప్పుతాయి నిజమే, వాటితో పాటు రోగి పక్కన నిలబడిన అనుభవమూ తప్పిపోతుంది.

జర్మన్ భాషలో బీ2 స్థాయి కోసం మొదటి రోజే ఉద్యోగం మానేయడం మరో పొరపాటు. తొలి స్థాయిలైన ఏ1, ఏ2 డ్యూటీ చేసుకుంటూనే పూర్తి చేయవచ్చు, సెలవు అవసరమయ్యేది బీ1 దాటాకే. జర్మనీ అధికారులు మన చదువుకూ వాళ్ల చదువుకూ మధ్య తేడాలు బేరీజు వేసేటప్పుడు పని అనుభవాన్ని కూడా చూస్తారు. అమెరికా సంగతి వేరు. అక్కడి నర్సింగ్ లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయవచ్చు గానీ, పాసైనంత మాత్రాన వీసా రాదు. భారతీయులకు ఈబీ-3 అనే ఉద్యోగ గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిరీక్షణ తప్పదు. దాని మీదే ఆశపెట్టుకుని కూర్చోకూడదు.

సర్కారు కొలువే కావాలంటే కాంట్రాక్టు ఉద్యోగాన్ని చిన్నచూపు చూడొద్దు. తెలంగాణ 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకిచ్చిన ప్రకటనలో రాత పరీక్షకు 80 మార్కులు, ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. ప్రైవేటులో ఎన్నేళ్లు చేసినా ఆ 20లో ఒక్కటీ రాదు. ఇది న్యాయమా అంటే వాదించవచ్చు, కానీ దరఖాస్తు చేసేవాళ్లు ఉన్న నిబంధనకు తగ్గట్టే లెక్కలు వేసుకోవాలి.

విదేశాలకు పంపే ఏజెంట్ల సంగతి కూడా. రిజిస్టరైన రిక్రూటింగ్ ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుం గరిష్ఠంగా 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. లక్షలు అడిగితే లేచి వచ్చేయడమే. తెలంగాణలో విదేశీ ఉద్యోగాల కోసం ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది, ముందు అక్కడ విచారించుకోవచ్చు.