ఎర్త్ అవర్‌లో జనరేటర్

మార్చి ఆఖరి రోజులు వచ్చాయంటే యూనివర్సిటీ నోటీసు బోర్డుకి ఊపిరాడదు. 21న అడవుల దినోత్సవం, 22న నీటి దినోత్సవం, 23న వాతావరణ దినోత్సవం, ఆ వెనకే మామూలుగా ఆఖరి శనివారం రాత్రి ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా దీపాలార్పే ఎర్త్ అవర్. ఇన్నిటినీ ఒక్కచోట ఇరికించినవాళ్లు ఎవరోగానీ, వాళ్లెప్పుడూ పోస్టర్లు అతికించి ఉండరు. ఒకదాని మీద ఒకటి పడి, చివరికి అడవుల పోస్టర్‌లో "చెట్లను" అన్న మాట మాత్రం మిగిలి, "కాపాడండి" ఉండాల్సిన చోట ఎర్త్ అవర్ వాళ్ల "ఆర్పేయండి" వచ్చి కూర్చుంది. రెండ్రోజులు అలాగే ఉంది, ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

వాతావరణ దినోత్సవం నాడు వాన పడింది. వర్షాన్ని ముందుగా ఎలా పసిగడతారో చెప్పడానికొచ్చిన సార్ గొడుగు తెచ్చుకోలేదు. పెద్దాయన, ఇంతకంటే అనకూడదు.

అసలు కథ శనివారానిది. మా దగ్గర సైన్సు కార్యక్రమాలన్నీ ఎవరికి వారే యమునా తీరే. ఫిజిక్స్ వాళ్లు టెలిస్కోప్‌తో నక్షత్రాలు చూపిస్తామన్నారు, వాళ్లకి చీకటి కావాలి. జువాలజీ వాళ్లు రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుకల్లాంటి మాత్‌లని చూపిస్తామన్నారు, వాళ్లకి తెల్లటి దుప్పటీ, దాని ముందు కళ్లు చెదిరే మెర్క్యురీ బల్బూ కావాలి. ఎన్విరాన్‌మెంట్ క్లబ్ వాళ్లకి అందరూ చూస్తుండగా ఆర్పడానికి ఒక పెద్ద బిల్డింగ్ కావాలి. ఆకాశం కనపడే చోటు, పక్కనే చెట్లున్న చోటు, ఎదురుగా బిల్డింగ్ ఉన్న చోటు అని ముగ్గురూ విడివిడిగా బాగా ఆలోచించి, అడ్మిన్ బిల్డింగ్ వెనక మైదానమే ఎంచుకున్నారు. టైము కూడా అదే, ఎనిమిదిన్నర. పర్మిషన్ కాగితాలు మూడూ ఒకే ఆఫీసులో, ఒకే ముద్రతో, ఒకే రోజు బయటికొచ్చాయట. అంటే సంతకం పెట్టేవాళ్లు చదవరన్న మాట నిజమే.

నేను వెళ్లేసరికి గొడవ ఒక స్థాయికి వచ్చి ఉంది. ఫిజిక్స్ వాళ్లు టార్చిలకి కూడా ఎర్ర కాగితం చుట్టుకుని వచ్చారు పాపం, ఎర్ర వెలుగైతే చీకటికి అలవాటుపడిన కంటిని అంతగా చెడగొట్టదని. కన్ను అలా సర్దుకోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది, చెడిపోవడానికి ఒక్క క్షణం చాలు. వాళ్లకి కూతవేటు దూరంలో జువాలజీ దుప్పటి పెళ్లి పందిరిలా వెలిగిపోతోంది.

"మేడమ్, ఆ లైటు ఒక్క అరగంట ఆర్పండి మేడమ్" అన్నాడు ఫిజిక్స్ సీనియర్.

"ఆర్పేసి ఏం చేయమంటావు బాబూ, దుప్పటికి కాపలా కాయమంటావా?" అన్నారు మేడమ్.

అతను అప్పుడే టెలిస్కోప్‌ని పడమటి వైపున్న ఒరాయన్ నెబ్యులా మీదికి తిప్పి పెట్టాడు. అదొక పెద్ద వాయు మేఘం, సుమారు 1300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. అంటే ఏ అడ్డూ లేకుండా 1300 ఏళ్లు ప్రయాణం చేసి వచ్చిన వెలుగు, ఆఖరి నూరడుగుల్లో మా జువాలజీ వాళ్ల బల్బు చేతిలో ఓడిపోయిందన్నమాట. ఈ మాట అతను చెప్పినప్పుడు గొంతు కొంచెం వణికింది. నాకూ జాలేసింది, కానీ దుప్పటి మీద ఆకుపచ్చ రెక్కల మాత్ ఒకటి అప్పుడే వాలింది, అటు వెళ్లిపోయాను. అరచేతిలో సగం ఉంది, దువ్వెన పళ్లలాంటి మీసాలు. ఇవి దీపం మీద మోజుతో వస్తాయని మనం అనుకుంటాం గానీ, ఎగిరేటప్పుడు వెలుగున్న వైపుకి వీపు తిప్పుకోవడం వాటి అలవాటట. ఆకాశమే వెలుగుగా ఉన్నన్నాళ్లూ బాగానే నడిచింది, మనిషి బల్బు పెట్టేసరికి ఏది పైనో తెలియక దాని చుట్టూనే తిరుగుతాయి. హైస్పీడ్ కెమెరాలతో తీసి 2024లో పరిశోధకులు పేపర్ వేశారు. పర్మిషన్ల ఆఫీసు చుట్టూ తిరిగే మావాళ్ల మీద కూడా ఎవరైనా పేపర్ వేస్తే బాగుండు.

ఇంతలో ఎన్విరాన్‌మెంట్ క్లబ్ సెక్రటరీ మైకందుకున్నాడు. 2007లో సిడ్నీలో మొదలైంది, ప్రపంచమంతా పాకింది, అనవసరమైన లైట్లు ఆర్పడమే దీని ఉద్దేశం, అంతవరకూ అన్నీ సరిగ్గానే చెప్పాడు. కానీ ఒక్కో గదికీ వెళ్లి ఒక్కో స్విచ్చూ ఆర్పే ఓపిక ఎవరికుంటుంది? వాచ్‌మన్‌ని పిలిచి "అన్నా, మెయినే దించెయ్" అన్నాడు. వాచ్‌మన్ "మొత్తమా సార్?" అని ఒకసారి అడిగాడు, ఎవరూ వినిపించుకోలేదు. దించేశాడు.

ఆ కొద్ది సెకన్లూ నిజంగా బాగుంది. క్యాంపస్ మీద అన్ని చుక్కలుంటాయని నాకు తెలీదు. ఫిజిక్స్ కుర్రాడు "అదిగో..." అని చెయ్యెత్తాడు.

ధడ్ ధడ్ ధడ్ మంటూ జనరేటర్ మొదలైంది.

అది కరెంటు పోయిందని తనంతట తనే తెలుసుకుని స్టార్టయ్యే రకం. తప్పేం లేదు, ల్యాబుల్లో మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లుంటాయి, వాటిలో ఎవరెవరి పీహెచ్‌డీలో గడ్డకట్టి ఉంటాయి. కానీ ఫ్రీజర్లతో పాటు వరండా లైట్లూ, వీధి దీపాలూ కూడా ఆ లైన్ మీదే ఉన్నాయని ఆ రాత్రే తెలిసింది. అడ్మిన్ బిల్డింగ్ ధగధగా వెలిగిపోయింది. వెలగనిది ఒక్కటే, జువాలజీ వాళ్ల మెర్క్యురీ బల్బు. వేడి మీద ఆరిపోతే చల్లారేదాకా మళ్లీ వెలగదది. మొత్తం మైదానంలో వెలుగు అడిగినవాళ్లు ఒక్కరే, వాళ్లే చీకట్లో కూర్చున్నారు. మాత్‌లన్నీ లేచిపోయి, సరిగ్గా టెలిస్కోప్ నెత్తిమీదున్న స్తంభం లైటు దగ్గర చేరాయి. మేడమ్ దుప్పటి భుజాన వేసుకుని ఫిజిక్స్ వాళ్ల దగ్గరికొచ్చి, "కొంచెం జరగండి బాబూ" అన్నారు.

జనరేటర్ పక్కనే, గాలి నాణ్యత కొలిచే మీటరు పెట్టిన టేబులుంది. గాలిలో 2.5 మైక్రాన్ల లోపుండే నుసిని కొలుస్తుందది. రోజు మొత్తం మీద సగటున ఘనపు మీటరుకి 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుందని చార్టు కూడా రాసి పెట్టారు. సాయంత్రం నుంచి ఒక్కడూ తొంగి చూడలేదు. ఇప్పుడు డీజిల్ పొగ గుప్పుమనేసరికి అంకెలు ఒకదాని మీద ఒకటి ఎగబాకుతున్నాయి, జనం దగ్గుతూ మరీ మూగారు. టేబుల్ దగ్గరి అమ్మాయి మొహం వెలిగిపోయింది. "చూడండి చూడండి, మూడంకెలు దాటింది!" అని కేకేసింది. ఎవరో పరిగెత్తి జనరేటర్ ఆపించబోతే, "ఇంకో రెండు నిమిషాలు ఉండనివ్వండి అన్నా" అంది.

తొమ్మిదింటికి డీన్ గారొచ్చారు. చీకట్లో గ్రూప్ ఫోటో కావాలన్నారు. వరండా లైట్లు ఆర్పించి, ఫ్లాష్ వేసి తీశారు. ఫిజిక్స్ కుర్రాడు కళ్లు మూసుకుని నిలబడ్డాడు, ఫోటోలో ప్రార్థన చేస్తున్నట్టు పడ్డాడు. తర్వాత టెలిస్కోప్‌ని గోడ నీడలోకి మోసుకెళ్లి, నెబ్యులాని మళ్లీ వెతికి పట్టి, "సార్, త్వరగా" అన్నాడు. భూమి తిరుగుతుంటుంది కదా, మోటారు లేని టెలిస్కోప్‌లో ఏదైనా ఒకటి రెండు నిమిషాల్లో పక్కకి జారిపోతుంది. డీన్ గారు కళ్లజోడు తీసి, తుడిచి, జేబులో పెట్టి, మళ్లీ తీసి, పెట్టుకుని, వంగి చూసి, "అద్భుతం!" అన్నారు. తర్వాత నేను చూశాను. అక్కడేమీ లేదు, నల్లటి గుండ్రం. డీన్ గారు పక్కనే ఉన్నారు కాబట్టి నేనూ అద్భుతమన్నాను. నా వెనకవాళ్లంతా అదే అన్నారు, ఒక ఫస్టియర్ కుర్రాడైతే రంగులు కూడా చెప్పాడు.

వెళ్లేటప్పుడు మూడు క్లబ్బులవాళ్లూ గేటు దగ్గర మూడు రిజిస్టర్లతో నిలబడ్డారు, సంతకం పెట్టనిదే కదలనివ్వలేదు. సర్టిఫికెట్లు సోమవారం వచ్చేశాయి. వాటి ప్రకారం నేను ఆ శనివారం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా దీపం వెలుగులో పురుగులని గమనించాను, కటిక చీకట్లో నక్షత్రాలు చూశాను, విద్యుత్తు ఆదా చేశాను. మూడింటి మీదా సంతకం డీన్ గారిదే.