యాకోబు చెరసాల తలుపు ఎందుకు తెరుచుకోలేదు?

శ్రమల్లో ఉన్న విశ్వాసితో "నీ విశ్వాసం చాలలేదు, అందుకే విడుదల రాలేదు" అనడం కంటే క్రూరమైన మాట మన సంఘాల్లో మరొకటి లేదని నా అభిప్రాయం. దేవుడు తమకు చేసిన మేలును సంఘం ముందు చెప్పే సాక్ష్యాల సమయంలో స్వస్థత పొందినవారే లేచి నిలబడతారు. పొందనివారు తమ ప్రార్థనలో ఏ లోపం జరిగిందోనని మథనపడుతూ వెనుక కూర్చుంటారు.

అపొస్తలుల కార్యములు 12వ అధ్యాయాన్ని నింపాదిగా చదివినవారు ఆ మాట అనలేరు. రాజైన హేరోదు యేసు శిష్యుల్లో ఒకడైన యాకోబును కత్తితో చంపించాడు. ఆ సంగతికి దక్కింది ఒకే ఒక్క వచనం. ఆ వెంటనే 16 మంది సైనికుల కాపలాలో, రెండు సంకెళ్లతో, చెరసాలలో ఇద్దరు సైనికుల నడుమ నిద్రపోతున్న మరో శిష్యుడు పేతురును దేవదూత ప్రక్కన తట్టి లేపి బయటికి నడిపించాడు. యేసు రూపం మారి ప్రకాశించిన రూపాంతరపు కొండ మీదికి ఆయన వెంటబెట్టుకు వెళ్లినవారిలో ఇద్దరూ ఉన్నారు కనుక, ఒకరి భక్తి తక్కువనీ మరొకరిది ఎక్కువనీ తేల్చే అధికారం మనకు లేదు. పోనీ, సంఘం గట్టి విశ్వాసంతో ప్రార్థించినందువల్లే పేతురు బయటపడ్డాడందామా? ప్రార్థన జరుగుతున్న ఇంటికి వచ్చి పేతురు తలుపు తట్టాడు; రొదే అనే చిన్నది అతని గొంతు గుర్తుపట్టి, సంతోషంలో తలుపు తీయడం కూడా మరిచి లోపలికి పరుగెత్తి చెబితే, అతని కోసమే ప్రార్థిస్తున్నవారు ఆమెను పిచ్చిదానివన్నారు! (ఇక్కడికి వచ్చినప్పుడల్లా నాకు నవ్వు ఆగదు.)

హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయంలో కత్తివాతను తప్పించుకున్నవారూ, కత్తితో చంపబడినవారూ ఒకే వరుసలో ఉన్నారు. మన ప్రసంగాలు మాత్రం తరచుగా 35వ వచనం సగంలోనే ఆగిపోతాయి, ఎందుకంటే మిగతా సగం నుండి చిత్రహింసలు మొదలవుతాయి.

అలాగైతే విడుదల కోసం అడగడం ఎందుకని ప్రశ్నించేవారున్నారు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనేలో, ఆ శ్రమ తననుండి తొలగిపోవాలని యేసే అడిగాడు. ముల్లు అని తాను పిలిచిన శరీర బాధను తొలగించమని అపొస్తలుడైన పౌలు ముమ్మారు వేడుకున్నాడు. తాను వెళ్లిపోయే కాలం సమీపించిందని తిమోతికి రాసిన అదే అధ్యాయంలో, ప్రభువు ప్రతి దుష్కార్యం నుండి తనను తప్పిస్తాడని కూడా పౌలు రాశాడంటే, ఆయన నమ్మిన విడుదల మరణం ముందు ఆగిపోయేది కాదు.

88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది. అయినా దానిని ప్రధాన గాయకునికి అప్పగించారు, అంటే సమాజమంతా కలిసి పాడుకోవడానికే. కాపరులు సాక్ష్యాలకు పిలిచేటప్పుడు ఇంకా విడుదల రానివారిని కూడా పిలవాలని, వారు కన్నీళ్లతో సగంలోనే ఆపి కూర్చున్నా ఎవరూ లేచి వెంటనే సర్దిచెప్పవద్దని నా విన్నపం.