డీప్ ఫ్రీజర్ గారికి ఒక విన్నపం

తిరుపతి బస్టాండు దగ్గర ఒకానొక హోటల్ వంటింటి మూలలో కొలువైన డీప్ ఫ్రీజర్ గారికి,

మొన్న మీ మీద తనిఖీ జరిగిందని విని చాలా టెన్షన్ పడ్డాను. ఎప్పటిదో తెలియని బిర్యానీ, ఎర్రరంగు పూసుకుని పడుకున్న చికెన్, పాచిపోయిన గ్రేవీ అన్నీ బయటికి లాగి ఫినాయిల్ పోశారట. మీరు కడుపులో పెట్టుకుని కాపాడినవి కదా, ఎంత బాధ!

కంగారు పడకండి. 2006లో చేసి 2011లో అమల్లోకి తెచ్చిన ఆహార భద్రత చట్టంలో మీకూ గౌరవస్థానం ఉంది. కుళ్ళిందైతే నోటీసిచ్చి పారబోస్తారు. అనుమానం ఉన్న సరుకునైతే శాంపిల్ తీసి, సీజ్ చేసి, బాండు రాయించుకుని మీ ఓనర్ దగ్గరే భద్రంగా ఉంచొచ్చు. అంటే ఎక్కడ? మీలోనే! నిన్నటి దొంగ, సీలు పడగానే కాపలాదారు. ల్యాబ్ రిపోర్టుకు 14 రోజుల గడువు. నాసిరకమని తేలితే 5 లక్షల దాకా జరిమానా. తిన్నవాడి ప్రాణం మీదికొస్తే జైలు కూడా ఉంది.

కానీ దానికి తిన్నవాడంటూ దొరకాలి కదా.

ఇంకో ఊళ్ళో అయితే కడుపు చెడినవాడు మర్నాడే వచ్చి గల్లాపెట్టె ముందు నిలదీస్తాడు. ఇక్కడ గుండు చేయించుకుని, దర్శనం చేసుకుని, అలిపిరి మెట్లు దిగి నకనకలాడుతూ వచ్చినవాడు ఏం పెట్టినా కళ్ళకద్దుకుని తింటాడు. కడుపులో తిప్పడం మొదలయ్యేసరికి బస్సు నెల్లూరు దాటేసి ఉంటుంది. అప్పుడైనా హోటల్‌ను తిట్టడు. "కొండమీద నీళ్ళు పడలేదు" అంటాడు. మొక్కులో ఏదో లోపం జరిగిందని ఇంట్లో పెద్దావిడ ఇంకో ముడుపు కడుతుంది. అది చెల్లించడానికి మళ్ళీ ఇక్కడికే వస్తారు. భోజనానికి మీ దగ్గరికే వస్తారు. ఇలాంటి గిరాకీ ఏ వ్యాపారానికుంది చెప్పండి!

మీ ఆరోగ్యం గురించి ఒక మాట. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిపూట మీ ప్లగ్గు పీకేస్తున్నారట. తెల్లారేలోపు చికెన్ కరగడం, పొద్దున్నే మళ్ళీ గడ్డకట్టడం. అది మైనస్ 18 డిగ్రీల్లో కదలకుండా ఉండాల్సిన సరుకు. అయినా మీ ముఖాన ఉన్న ముల్లు మాత్రం రాత్రీ పగలూ మైనస్ 18 దగ్గరే బిగుసుకుపోయి ఉంటుందట. వచ్చిన ఆఫీసరు మొదట చూసేది దాన్నే. పొరపాటున కూడా రిపేరు చేయించుకోకండి.

ఇట్లు,
ఇంట్లోనే తినే ఒక తిరుపతి వాసి