సవరణ: స్పార్క్ రాకపోతే కాయిల్ కంటే ముందు క్యాప్ చూడండి

వానకు తడిసిన బండి స్టార్ట్ కాకపోతే ఏం చూడాలో పోయిన వారం రాసిన దాంట్లో, "మల్టీమీటర్‌లో రీడింగ్ రాకపోతే ఇగ్నిషన్ కాయిల్ మార్చాలి" అని ఉంది (స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ రావడానికి వోల్టేజీ పెంచి పంపేదే ఈ కాయిల్). దాన్ని ఇలా చదువుకోండి: ప్లగ్ క్యాప్ (కాయిల్ వైరు చివర ఉండి ప్లగ్ మీద తొడిగే టోపీ) తీసేసి కొలిచినా రీడింగ్ రాకపోతేనే కాయిల్ మార్చాలి.

చాలా బండ్లలో క్యాప్ లోపల సుమారు 5 కిలో ఓమ్‌ల రెసిస్టర్ (కరెంటును కొంత అడ్డుకునే భాగం) ఉంటుంది. అది తెగితే కాయిల్ మంచిగున్నా మీటర్ ఏమీ చూపించదు. క్యాప్‌ను గుంజకండి, వైరు మీద మరలాగా తిప్పి బిగించి ఉంటుంది కాబట్టి ఎడమవైపు తిప్పితే ఊడొస్తుంది. వైరు లోపలి రాగి పోగులు ఆకుపచ్చగానో నల్లగానో మారితే వైరు చివర అర సెంటీమీటరు కోసేసి మళ్లీ బిగించండి. వానాకాలంలో వరంగల్ హంటర్ రోడ్డు నీళ్లలో ఈదిన బండ్లయితే ముందు ఇదే చూడాలి. కాయిల్ ధరతో పోలిస్తే క్యాప్ ఖర్చు ఎంతని! కొందరు మెకానిక్‌లు ఈ పని చేయకుండానే కాయిల్ తెమ్మంటారు, అది వేరే కథ.

ఇంకోటి. "ప్లగ్ బయటికి తీసి కిక్ కొట్టి చూడండి" అని స్పార్క్ వస్తుందో లేదో చూడమన్నచోట ఈ మాట చేర్చుకోండి: ప్లగ్‌ను క్యాప్‌లో పెట్టి, దాని ఇనుప భాగం ఇంజన్‌కు ఆనేలా ఉంచాలి. గాల్లో వేలాడదీస్తే సీడీఐ యూనిట్ (స్పార్క్ ఎప్పుడు రావాలో చూసుకునే ఎలక్ట్రానిక్ డబ్బా) దెబ్బతినొచ్చు. ప్లగ్ రంధ్రం దగ్గర మాత్రం పెట్టొద్దు, అందులోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంది.

కిల్ స్విచ్ (ఇంజన్ ఆపే మీట), ఫ్యూజు గురించి రాసిందాంట్లో మార్పేమీ లేదు.